దీర్ఘశాంతము, దయాళుత్వము – మన ఇంట పండవలసిన ఫలములు



ఈ వ్యాసం మొదలుపెట్టకముందే నేను ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. ఒక ఆదివారం నేను గలతీ పత్రిక 5వ అధ్యాయం నుండి ఆత్మఫలమును గూర్చి ప్రసంగించాను. దీర్ఘశాంతమును గూర్చి చెబుతున్నప్పుడు చాలామంది తలలూపారు. ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దాయన నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఈ వాక్యం ఈ రోజు నాకోసమే" అన్నాడు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. ఇంటికి వచ్చిన గంటలోపలే ఆ వాక్యం ఎవరికోసమో ప్రభువు నాకు చూపించాడు.

మా నాన్నగారికి ఎనభై ఏళ్లు దాటాయి. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. కొన్నేళ్లుగా ఆయనకు జ్ఞాపకశక్తి తగ్గిపోతున్నది. ఉదయం ఏమి తిన్నాడో గుర్తుండదు గాని, తన పెండ్లినాటి సంగతులు మాత్రం పూసగుచ్చినట్లు చెబుతాడు. ఆయనకు ఒక ప్రశ్న ఉన్నది. పది నిమిషాలకొకసారి అదే అడుగుతాడు: "ఏరా, ఎడ్లకు కుడితి పెట్టావా?"

మాకు ఎడ్లు లేవు. ఊరిలోనికి ట్రాక్టర్లు వచ్చి, ఆయనకు దున్నే ఓపిక తగ్గిన తరువాత, ఉన్న ఒక్క జతను అమ్మివేశాము. అది జరిగి పదకొండేళ్లయింది. కొట్టంలో ఇప్పుడు పిడకలు, పాత సైకిలు ఉన్నాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ ఉండగా ఆయన ఆ ప్రశ్న నాలుగుసార్లు అడిగాడు. అయిదవసారి నేను కంచం ముందునుండి లేచి గట్టిగా అరిచాను: "ఎడ్లు లేవు నాన్నా! అమ్మేశాం! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన నన్ను చూశాడు. ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నవాడిలా ఆయన పెదవులు వణికాయి. "అమ్మేశారా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?" అని కండువా కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

నా భార్య వంటింట్లోనుండి వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. ఆయన ప్రక్కన కూర్చొని, "మీ చేతికింద ఎడ్లు ఏనాడైనా పస్తున్నాయా మామయ్యా? మీరు తినకముందే వాటికి పెట్టేవారట గదా. ఇదిగో, ఈ మజ్జిగ తాగండి" అన్నది. ఆయన ముఖం తేటపడింది. ఎడ్ల పేర్లు చెప్పాడు, వాటి కొమ్ముల తీరు చెప్పాడు, సంతలో ఎంత పెట్టి కొన్నాడో చెప్పాడు. మజ్జిగ తాగాడు.

ప్రసంగం చేసినది నేను. ఆత్మఫలము కనబడినది ఆమెలో. ఆ దినము నుండి ఈ రెండు మాటలను గూర్చి మరింత శ్రద్ధగా ధ్యానిస్తూ వచ్చాను. నేర్చుకున్నది మీతో పంచుకొనవలెనని ఆశ.

రెండు మాటలు, ఒకే కాడి

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ప్రేమను వర్ణించబూని, నాలుగవ వచనంలో మొట్టమొదట పేర్కొన్న లక్షణాలు రెండు. ఒకటి సహించడం, రెండవది దయ చూపడం. గలతీ 5:22లో కూడ ఈ రెండూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. కొలొస్సయులకు 3:12లో విశ్వాసి ధరించుకొనవలసిన వస్త్రాల జాబితాలోనూ ఈ రెండూ ఉన్నాయి. ఇలా మాటిమాటికి కలిపి చెప్పడంలో ఒక భావమున్నది.

దీర్ఘశాంతము అని మన బైబిలులో ఉన్న మాటకు గ్రీకు మూలంలో "మక్రోతుమియ" అనే పదమున్నది. "మక్రోస్" అంటే పొడవైనది. "తుమోస్" అంటే ఉడుకుతూ పైకి వచ్చే కోపం. కోపం రావడానికి చాలా దూరం పట్టే మనిషి అన్నమాట. కట్టెపొయ్యిమీద చిన్నగిన్నె పెడితే నీళ్లు వెంటనే తెర్లుతాయి. పెద్ద కాగు పెడితే చాలాసేపు పడుతుంది. మంట ఒకటే గాని పాత్ర వేరు. పాత నిబంధనలో హెబ్రీ భాష దీనినే ఇంకొక విధంగా చెబుతుంది. నిర్గమకాండము 34:6లో దేవుడు మోషే యెదుట తన్ను తాను వర్ణించుకొన్నప్పుడు వాడబడిన మాటకు అక్షరార్థం "ముక్కు పొడవైనవాడు" అని. కోపం వచ్చినవాని ముక్కుపుటాలు అదరడం మనకు తెలుసు గదా. కోపగించుటకు తొందరపడని దేవుడని దాని భావం.

దయాళుత్వమునకు గ్రీకులో "క్రేస్తొతేస్" అని పేరు. దీని మూలపదం "క్రేస్తొస్". మత్తయి 11:30లో ప్రభువు తన కాడిని గూర్చి చెప్పినప్పుడు వాడిన విశేషణం ఇదే. మన రైతులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. సరిగా చెక్కని కాడి ఎద్దు మెడను ఒరిపి పుండు చేస్తుంది. చక్కగా నునుపు చేసిన కాడి అంతే బరువు లాగించినా మెడను నొప్పించదు. దయగలవాడు అంటే ఎదుటివాని మెడను ఒరవని మనిషి. ఇంటిలో పని ఉంటుంది, బరువు ఉంటుంది, క్రమశిక్షణా ఉంటుంది. అయితే మన మాట ఎవరి మెడ మీద పుండు చేస్తున్నదో చూచుకొనవలెను.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. "క్రీస్తు" అనే పేరు, "క్రేస్తొస్" అనే మాట వినడానికి దగ్గరగా ఉంటాయి. రెండవ శతాబ్దం చివరిలో ఉత్తర ఆఫ్రికాలో జీవించిన తెర్తుల్లియను అనే సంఘ పండితుడు, అన్యులు క్రైస్తవుల పేరును తప్పుగా పలికినప్పటికీ ఆ తప్పు పలుకులో కూడ మంచితనమనే అర్థమే వస్తున్నదని వ్రాశాడు. మన ఊరిలో మనల నెరుగనివారు మన పేరును ఎలా పలికినా, దానిలో దయ అనే అర్థం వారికి వినబడుతున్నదా?

కాచుకొనడం మాత్రమే చాలదు

కొందరికి ఓర్పు ఉంటుంది గాని దయ ఉండదు. వారు కేకలు వేయరు, తిట్టరు, అయితే పలకరించరు. పళ్లబిగువున సహిస్తారు. "నేను ఎంత ఓర్చుకుంటున్నానో చూడండి" అని వారి ముఖమే చెబుతుంది. మరికొందరికి దయ ఉంటుంది గాని ఓర్పు ఉండదు. ఒకసారి సహాయం చేస్తారు, రెండవసారి చేస్తారు, మూడవసారికి విసుగుకొని మొదటి రెండుసార్లు చేసినదంతా ఎత్తిపొడుస్తారు. ఒక ఎద్దుతో బండి సాగనట్లే, ఈ రెండింటిలో ఒక్కదానితో కుటుంబం సాగదు.

లూకా 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానం చూడండి. మూడేళ్లుగా కాపు లేదు. యజమాని నరికివేయమన్నాడు. తోటమాలి ఇంకొక్క సంవత్సరం గడువు అడిగాడు. అది ఓర్పు. అయితే అంతటితో ఆగలేదు. ఆ సంవత్సరమంతా చెట్టు చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానని తానే పూనుకొన్నాడు. అది దయ. మన పిల్లవాడు పదవ తరగతి తప్పినప్పుడు "సరేలే, మళ్లీ వ్రాయి" అని ఊరుకొనడం గడువు ఇవ్వడమే. సాయంకాలం ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఏ పాఠం దగ్గర చిక్కుపడ్డాడో అడిగి, అవసరమైతే ఆ పాఠం చెప్పగలవారిని వెదకడం త్రవ్వి ఎరువు వేయడం.

యాకోబు పత్రిక 5:7లో వ్యవసాయకుని ఓపికను మనకు మాదిరిగా చూపించాడు. పాలస్తీనా దేశంలో అక్టోబరు, నవంబరు నెలల్లో తొలకరి వాన పడితే దుక్కి దున్ని విత్తుతారు. మార్చి, ఏప్రిలు నెలల్లో కడవరి వాన పడితే గింజ నిండుతుంది. మనకు తొలకరి జూన్ నెలలో. కాలం వేరైనా కాచుకొనడం ఒక్కటే. విత్తిన మరునాడు మట్టి పెళ్లగించి మొలక వచ్చిందా అని చూచే రైతు ఎవరూ లేరు. అలాగని చేతులు కట్టుకొని అరుగుమీద కూర్చున్న రైతూ లేడు. నీరు కడతాడు, కలుపు తీస్తాడు, పిట్టలను తోలుతాడు. తన చేతిలో ఉన్న పని చేస్తాడు, తన చేతిలో లేని వాన కొరకు ఆకాశంవైపు చూస్తాడు. క్రైస్తవుని ఓర్పు ఇట్టిది.

గుండ్లకమ్మ ఒడ్డున ఒక సాక్ష్యం

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి గొప్ప దృష్టాంతమున్నది. అమెరికన్ బాప్తిస్టులు 1835లో శామ్యూల్ డే దొరగారిని తెలుగువారి మధ్యకు పంపారు. 1840లో నెల్లూరులో పని స్థిరపడింది. అయితే ఏండ్లు గడిచినా రక్షణలోనికి వచ్చినవారు బహు కొద్దిమంది. ఈ మిషనును మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికంటె ఎక్కువసార్లు ఆలోచించారు. 1853లో ఆల్బనీ పట్టణపు సభలోనూ ఆ చర్చ వచ్చింది. ఎట్టకేలకు మూయలేదు. మరుసటి ఏడు, 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున, లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు భారతీయ విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఒంగోలులోని ఒక కొండ ఎక్కి ఆ ప్రాంతం కొరకు మోకరించి ప్రార్థించారు. ఈనాటికీ దానిని ప్రార్థన కొండ అని పిలుస్తారు. ఆ ప్రార్థనకు జవాబుగా కాపురముండే దైవసేవకుడు ఒంగోలు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొరగారు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తరువాత 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా భయంకరమైన కరవు వచ్చింది. దానినే మన పెద్దలు ధాత కరవు అన్నారు. ప్రజలు తిండిలేక ఊళ్లు విడిచిపోయారు. ఆ దినాలలో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తూ ఉన్నది. క్లౌ దొరగారు మునుపు అమెరికాలో భూమి సర్వే చేసిన మనిషి గనుక, సుమారు మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తానే తీసుకొని, ఆకలిగొన్నవారికి పనీ కూలీ దొరికేలా చేశారు. బోధకులు కూలీల మధ్యనే ఉండి, వారు అలసి కూర్చున్నప్పుడు వారితో మాట్లాడి ఓదార్చేవారు.

అప్పుడు చాలామంది బాప్తిస్మము ఇమ్మని అడిగారు. ఇక్కడ ఆయన చేసిన పని గమనించండి. కరవు సాయం జరుగుతున్నంతకాలం, సుమారు పదిహేను నెలలు, ఎవరికీ బాప్తిస్మమియ్యలేదు. అన్నం కొరకు ఎవరూ మతం పుచ్చుకొనకూడదు, విశ్వాసం కొరకు ఎవరి అన్నమూ ఆగకూడదు అన్నదే దాని భావం. పంటకు తొందరపడలేదు, సహాయమునకు ఆలస్యం చేయలేదు. కరవు పని ముగిసిన తరువాత 1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలిచి ఇచ్చారు.

మనము ఆ 2,222 అన్న సంఖ్యను గూర్చి అతిశయిస్తాము. దానికి ముందున్న ఏండ్లను, పదిహేను నెలలను మరచిపోతాము. ఓర్పుతో కూడిన దయకు దేవుడు తన సమయమందు ఫలమిస్తాడు.

గట్టు తగాదా

చరిత్ర అలా ఉండగా, మన ఊళ్లలో జరిగేది చూద్దాం. నేను ఎరిగిన ఒక సంఘంలో అన్నదమ్ములిద్దరు. తండ్రి పంచియిచ్చిన పొలాలు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. ఒక వేసవిలో అన్న దుక్కి దున్నేటప్పుడు గట్టు దాటి రెండు చాళ్లు ఇవతలికి వచ్చాయని తమ్ముడు అన్నాడు. రాలేదని అన్న అన్నాడు. రెండు చాళ్ల నేలకోసం రెండేళ్లు మాటలు లేవు. ఒకే గుడికి వచ్చేవారు గాని చెరొక ద్వారం గుండా వెళ్లేవారు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం ఒకరు వస్తే మరొకరు మానేవారు. సంఘ పెద్దలు ఎన్నిసార్లు కూర్చోబెట్టినా, ఎవరి లెక్క వారిదే.

ఒక నవంబరులో తమ్ముని వరి కోసి కుప్ప వేయకముందే తుపాను కబురు వచ్చింది. తమ్ముడు ఆస్పత్రి పనిమీద పట్నంలో ఉన్నాడు. ఇంటిదగ్గర భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆ రాత్రి అన్న తన కొడుకులను వెంటబెట్టుకొని, బరకాలు తీసుకొని, వెళ్లి తమ్ముని పనలన్నీ ఎత్తి కుప్ప వేసి బరకం కప్పి వచ్చాడు. తెల్లవారి వాన కురిసింది. తమ్ముడు వచ్చి చూశాడు. అన్న ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. అన్న, "లోపలికి రారా, తడుస్తున్నావు" అన్నాడు. అంతే.

గట్టు సంగతి తరువాత సర్వేయరును పిలిచి కొలిపించారు. దయ చూపించారు గనుక కొలత అక్కరలేదని ఎవరూ అనలేదు. అయితే కొలిచిన రోజున ఇద్దరూ ఒకే గొలుసు చెరొక కొన పట్టుకొన్నారు. రెండేళ్ల వాదన చేయలేనిది ఒక రాత్రి చాకిరి చేసింది. మనము పగబట్టినవానికి ఏ ఉపకారం చేయగలమో రోమా 12:20ని ప్రక్కన పెట్టుకొని ఆలోచిద్దాం.

కూలివాని విషయంలోనూ ఇదే నియమం. నాట్లకు, కోతలకు వచ్చినవారికి సాయంత్రం కూలి ఇవ్వకుండా "రేపు రా, ఎల్లుండి రా" అనేవారు మన విశ్వాసులలోనూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇవ్వవలెనని ఆజ్ఞాపిస్తుంది. ఇతరుల ఓర్పును మన సౌకర్యానికి వాడుకొనడం మన దయకు గురుతు కాదు.

ఓర్పు పేరిట జరిగే పొరపాటు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. నేను పరిచర్యలో క్రొత్తగా ఉన్న రోజులలో ఒక సహోదరి మా ఇంటికి వచ్చింది. భర్త త్రాగివచ్చి కొడుతున్నాడు. చేతిమీద వాత ఉన్నది. నేను ప్రార్థన చేసి, "ఓర్చుకో అమ్మా, ప్రభువు మారుస్తాడు" అని చెప్పి పంపివేశాను. నెల తిరగకముందే ఆమె చేయి విరిగి ఆస్పత్రిలో ఉన్నదని తెలిసింది. చూడడానికి వెళ్లితే, ఆమె నన్ను ఏమీ అనకుండా, "ఓర్చుకున్నాను అయ్యగారూ" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గ్రుచ్చుకుంటుంది. నా సలహా వాక్యానుసారమని అనుకున్నాను. నిజానికి ఒక కష్టమైన పనినుండి నేను తప్పించుకున్నాను.

దీర్ఘశాంతము అనేది బలమున్నవాడు తన కోపాన్ని అణచుకొనడం. బలహీనుని దెబ్బలు తినమనడం కాదు. ప్రభువు తన్ను చెంపమీద కొట్టినవానిని, ఎందుకు కొట్టావని నిలదీసి అడిగాడు (యోహాను 18:23). పౌలు కొరడా దెబ్బలకు ముందు తన పౌరసత్వపు హక్కును జ్ఞాపకం చేశాడు (అపొ. కార్య. 22:25). వారు ఓర్పులేనివారా? మన దేశంలో గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 181 అనే నంబరుకు ఫోను చేస్తే స్త్రీలకు సహాయం అందుతుంది. సంఘ కాపరులు, పెద్దలు, స్త్రీల సమాజపు తల్లులు ఈ సంగతి తెలిసికొని, అట్టి సహోదరిని ముందు క్షేమమైన చోట ఉంచవలెను. భర్తకు కూడ దయ చూపించవలెను. అయితే అతని పాపాన్ని అతనికి చెప్పి, మద్యం మానే చికిత్సకు తీసికొని వెళ్లడమే అతనికి చూపవలసిన దయ. భార్య వీపు చూపించడం కాదు.

మనకు చూపబడిన ఓర్పు

ఈ గుణాలు మనలో ఎలా పెరుగుతాయి? మత్తయి 18వ అధ్యాయంలోని ఇద్దరు దాసులను చూడండి. మొదటివాడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారములు, ఒక దేనారము ఒక దినపు కూలి. అంటే ఆరు కోట్ల దినాల కూలి. ఏడు జన్మలెత్తినా తీరేది కాదు. రెండవవాడు మొదటివానికి అచ్చియున్నది నూరు దేనారములు. మూడు నెలల పైచిలుకు కూలి. అదీ చిన్నది కాదు గాని తీర్చగలిగినది. ఇద్దరూ అప్పులవాని యెదుట సాగిలపడి అడిగినది ఒకే మాట, నాయెడల ఓర్చుకొనుమని. గ్రీకులో ఆ క్రియాపదం దీర్ఘశాంతము అనే మాటకు పుట్టినిల్లే. రాజు మొదటివాని అప్పంతయు క్షమించి పంపివేశాడు. ఆ క్షమాపణ పొందినవాడు తోటి దాసుని గొంతు పట్టుకొన్నాడు. తన నోటనే వచ్చిన మాట ఇంకొకని నోట వినబడితే గుర్తుపట్టలేదు.

నేను మా నాన్నగారి మీద అరచినప్పుడు నాకు జరిగినది ఇదే. నేను ఎన్ని ఏండ్లుగా దేవుని యొద్ద అదే తప్పును మరల మరల ఒప్పుకొంటున్నాను? ఆయన ఏనాడైనా "ఎన్నిసార్లు చెప్పాలి?" అని నన్ను త్రోసివేశాడా? చిన్ననాడు నేను మా నాన్న భుజంమీద కూర్చొని అడిగిన ప్రశ్నలకు ఆయన ఎన్నిసార్లు జవాబిచ్చాడో లెక్క ఉన్నదా?

కుటుంబాలకు కొన్ని మాటలు

1. కోపం వచ్చినప్పుడు మొదటి మాట మ్రింగివేయండి. సాధారణంగా చెడు చేసేది ఆ మొదటి మాటే. ఒక గ్లాసు నీళ్లు త్రాగి రెండవ మాట పలకండి. యాకోబు 1:19 ప్రకారం వినుటకే మనకు వేగం కావలెను.

2. అలసట తీరిన తరువాతనే కష్టమైన సంగతులు మాట్లాడుకొనండి. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల పెట్టించాడు (1 రాజులు 19:5-8). పొలంనుండి వచ్చిన మనిషికి ముందు అన్నం, తరువాత అప్పుల లెక్క.

3. కోడలి వంటను గూర్చి అత్త, అత్త మాటను గూర్చి కోడలు బజారులో చెప్పుకొనకుండా, దినమునకొక మంచిమాట ఒకరికొకరు ఎదురుగా చెప్పుకొనండి. రూతు, నయోమి కూడ అత్తాకోడండ్లే.

4. తప్పు చేస్తే పిల్లల యెదుట కూడ క్షమాపణ అడగండి. తండ్రి గౌరవం తగ్గిపోదు. కోపంతో ప్రొద్దు గ్రుంకనివ్వవద్దని ఎఫెసీ 4:26 చెప్పే సంగతిని కుటుంబ ప్రార్థన వేళ ఆచరణలో పెట్టండి. ప్రార్థన ముగించకముందు "నావలన ఎవరికైనా ఈరోజు నొప్పి కలిగిందా?" అని ఒకరినొకరు అడగండి.

5. ఇంటిలో జ్ఞాపకం తప్పిన వృద్ధులుంటే అది మొండితనమని అనుకొనకండి. అది మెదడుకు వచ్చే వ్యాధి. సాధారణంగా నిన్నమొన్నటి సంగతులు ముందు మరపున పడతాయి, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయి. వైద్యునికి చూపించండి. వారితో వాదించకండి. వారు అడిగే ప్రశ్న వెనుక ఉన్న దిగులు ఏమిటో గ్రహించి, దానికి జవాబు చెప్పండి. వారిని చూచుకొనే కోడలికో కూతురికో వారానికి ఒక పూటైనా విశ్రాంతినివ్వండి. భారమంతా ఒక్కరిమీద వేసి వారికి ఓర్పు లేదని అనడం అన్యాయం.

6. ఎవరూ అడగకుండా వారానికి ఒక ఉపకారం చేయండి. చేసినది చెప్పుకొనకండి.

చెట్టుకు కట్టిన కాయ

ఇవన్నీ మన స్వశక్తితో చేయబూనితే నాలుగు రోజులకే విసిగిపోతాము. మామిడికొమ్మకు దారంతో కాయలు కట్టితే చూపుకు బాగానే ఉంటాయి గాని రెండు రోజులలో వడలిపోతాయి. అందుకే పౌలు వీటిని ఆత్మ క్రియలు అనలేదు, ఆత్మఫలము అన్నాడు. ఫలము పుట్టేది తీగ వల్లిలో నిలిచియున్నప్పుడే అని ప్రభువు యోహాను 15వ అధ్యాయంలో బోధించాడు. వాక్యమందు, ప్రార్థనయందు, ప్రభువు బల్లయందు ఆయనలో నిలిచియుంటే, ఆయన శాంతము మెల్లగా మనలోనికి వస్తుంది. అంటుకట్టిన మామిడి కూడ కట్టిన యేడే కాయదు. నాలుగైదేళ్లు ఆగవలసిందే. మీలో ఇంకా కాపు కనబడకపోతే నిరాశపడకండి. తోటమాలి మన చుట్టూ ఇంకా త్రవ్వుతూనే ఉన్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం నేను మా నాన్నగారి మంచం ప్రక్కన కూర్చొని క్షమాపణ అడిగాను. ఎందుకు అడుగుతున్నానో ఆయనకు తెలియలేదు. మధ్యాహ్నపు సంగతి ఆయన అప్పటికే మరచిపోయాడు. నా తల నిమిరి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఆ తరువాతి మంగళవారం నేను మరల విసుగుకొన్నాను. మరల క్షమాపణ అడిగాను. ఇప్పుడు విసుగు మునుపటికంటె తక్కువసార్లు వస్తున్నది. పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది.

ఈ వ్యాసం వ్రాస్తున్నంతసేపటిలో కూడ ఆయన అరుగుమీదనుండి మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ లేచి వెళ్లాను. ఎడ్ల సంగతి అడిగాడు. ఎర్రది ఎలా ఉండేదో చెప్పమన్నాను. ఆయన చెప్పాడు, నేను విన్నాను.

ప్రియులారా, మీ ఇంటిలో కూడ మిమ్మును పదేపదే పిలిచే స్వరం ఒకటి ఉండవచ్చును. అది ముసలి తల్లిది కావచ్చు, మందబుద్ధిగల బిడ్డది కావచ్చు, జబ్బుపడిన భర్తది కావచ్చు, గట్టుకు అవతలనున్న అన్నది కావచ్చు. ఆ స్వరమునకు ఈ దినము ఎలా జవాబు చెబుతారు?

ప్రార్థన: కోపించుటకు నిదానించు మా తండ్రీ, మా విషయమై నీవు ఇన్నాళ్లు ఓర్చుకొన్నందుకు స్తోత్రములు. మా నాలుకకు కళ్లెమును, మా చేతులకు దయను అనుగ్రహించుము. మా ఇండ్లలో గాయపడినవారిని స్వస్థపరచుము. దెబ్బలు తినుచున్నవారికి ఆశ్రయము చూపించుము. వారికి అండగా నిలుచు ధైర్యము మాకు దయచేయుము. వృద్ధులను కాపాడువారికి దినదినము నూతన బలమిమ్ము. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.